నీలం గోడ: నచ్చిన రెండు షేడ్‌లలో మీ గదికి ఏది సరిపోతుందో తేల్చుకోవడం ఎలా?

గదికి నీలం వేయాలని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. షేడ్ కార్డులోని బోలెడన్ని నీలాల్లోంచి ఏరి ఏరి రెండింటి దగ్గర ఆగారు. ఒకరికి ఇది నచ్చింది, ఇంకొకరికి అది. పెయింటర్ సోమవారం వచ్చేస్తానంటున్నాడు. అసలు టెన్షన్ ఇక్కడే మొదలవుతుంది. చివరికి ఎవరో ఒకరు విసిగిపోయి "ఏదో ఒకటి వేసేయండి" అనేస్తారు. ఆ మాట అనే ముందు నాలుగు రోజులు ఓపిక పడితే చాలు, అయిదారేళ్లు కళ్ల ముందు ఉండే గోడ బాగుంటుంది.

క్రీమ్, ఐవరీ లాంటి రంగులు వెలుతురును బట్టి కాస్త మారినా ఎవరూ గమనించరు. నీలం మాత్రం బాగా మారుతుంది. పొద్దున నిర్మలంగా ఉన్న గోడ సాయంత్రానికి సిమెంటు రంగుకు దగ్గరవుతుంది. దుకాణంలో హుందాగా కనిపించిన షేడ్ ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అందుకే రెండు నీలాల్ని పక్కపక్కన పెట్టి "ఏది బాగుంది?" అని అడిగితే సగం జవాబే దొరుకుతుంది. ఒక్కోదాన్నీ విడిగా మీ గదిలో పెట్టి, ఆ గది వెలుతురు కింద, ఆ నేల మీద, మీరు అక్కడ ఉండే వేళల్లో చూడాలి. ఈ వ్యాసంలోని అడుగులన్నీ దానికోసమే.

ఉదాహరణకు రెండు నీలాల్ని తీసుకుందాం. ఒకటి బూడిద కలిసినది, దాన్ని మబ్బు నీలం అందాం. రెండోది ఆకుపచ్చ వైపు మొగ్గేది, నెమలికంఠం రంగును బాగా పలుచన చేస్తే వచ్చేది. దాన్ని నెమలి నీలం అందాం. మీ దగ్గరున్న రెండు షేడ్‌లు వేరే అయినా పద్ధతి ఇదే.

మొదటి అడుగు: గది గురించి రాసుకోండి

ఆ గదిలో ఎవరు, ఏ వేళల్లో ఉంటారో ఒక కాగితం మీద రాయండి. ఇద్దరూ గచ్చిబౌలి వైపు ఉద్యోగాలకు వెళ్లి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరేవాళ్లయితే, వాళ్ల పడకగది గోడ పగటి వెలుతురులో కనిపించేది పొద్దున్న ఒక గంట, మళ్లీ ఆదివారం. అమ్మానాన్నలు పగలంతా కూర్చునే హాలు సంగతి వేరు. పిల్లలు బడి నుంచి వచ్చి చదువుకునే గదికి సాయంత్రం వెలుతురు ముఖ్యం. రంగు ఆ వేళల్లో బాగుండాలి. మధ్యాహ్నం పన్నెండింటికి ఎంత అందంగా ఉన్నా, ఆ సమయంలో ఇంట్లో ఎవరూ లేకపోతే ఆ అందం లెక్కలోకి రాదు.

ఏ దిక్కు గదికి ఏ రంగు అనే వాస్తు పట్టింపు ఇంట్లో ఉంటే దాన్ని కూడా ఇప్పుడే తేల్చుకోండి. శాంపిల్ వేసి, నచ్చాక ఆ చర్చ మొదలైతే అందరికీ ఇబ్బంది.

రెండో అడుగు: రెండు నీలాల లోపలి ఛాయ పట్టుకోండి

షేడ్‌కు కంపెనీ పెట్టిన పేరును పక్కన పెట్టేయండి. పేరులో సముద్రం ఉన్నంత మాత్రాన రంగులో సముద్రం ఉండదు. పనికొచ్చేది కోడ్ నంబరు ఒక్కటే.

ఏ నీలమైనా మూడు వైపుల్లో ఒకవైపు మొగ్గుతుంది: ఆకుపచ్చ వైపు, ఊదా వైపు, లేదా బూడిద వైపు. విడిగా చూస్తే ఈ మొగ్గు తెలియదు. తెల్లటి ఏ4 కాగితం మీద రెండు షేడ్ ముక్కల్ని ఆనించి పెట్టి, కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట చూడండి. ఏది కాస్త ఆకుపచ్చగా ఉందో, ఏది కాస్త మసకగా ఉందో అప్పుడు తెలుస్తుంది. అయినా అనుమానం మిగిలితే షేడ్ కార్డు పట్టీలో అదే వరుసలో కిందనున్న ముదురు షేడ్ చూడండి. లేత రంగులో దాగిన ఛాయ అక్కడ బయటపడుతుంది. పైన అమాయకంగా కనిపించిన లేత నీలం కింద పూర్తి నెమలికంఠం రంగులోకి దిగితే, ఆ లేత షేడ్ కూడా నాలుగు గోడల మీదికి వచ్చాక ఆకుపచ్చ వైపే మొగ్గుతుంది.

ఇంకొక దారి కూడా ఉంది. దీన్ని చాలామంది వాడుకోరు. రంగుల దుకాణంలో షేడ్ కలిపే టింటింగ్ మెషిన్ కంప్యూటర్‌లో కోడ్ కొట్టగానే ఆ షేడ్‌లో ఏయే రంగులు ఎంతెంత పడతాయో తెర మీద కనిపిస్తుంది. చూపించమని మర్యాదగా అడగండి, చాలాచోట్ల చూపిస్తారు. మెషిన్‌లో నీలానికి సాధారణంగా వాడేది థాలో బ్లూ, 1930లలో మార్కెట్‌లోకి వచ్చిన రంగు. అది సహజంగానే ఆకుపచ్చ వైపు మొగ్గుతుంది. దానికి నలుపు తోడైతే మబ్బు నీలం వస్తుంది. వయొలెట్ తోడైతే ఊదా వైపు జరుగుతుంది. రెండు షేడ్‌ల మధ్య తేడా నలుపు మోతాదులోనే ఉందని తెలిస్తే ఎంపిక చాలా తేలికవుతుంది, ఎందుకంటే అప్పుడు మీ ముందున్న ప్రశ్న ఒక్కటే: ఈ గది ఎంత బూడిదను భరించగలదు?

పాత ఇళ్లలో సున్నంలో కాస్త నీలిమందు కలిపి గోడలకు వేసేవారు. సున్నంలోని పసుపు ఛాయను ఆ నీలం అణిచేసి గోడను తెల్లగా చూపించేది. ఆ నీలిమందు అల్ట్రామెరీన్, ఊదా వైపు మొగ్గే నీలం. "మా చిన్నప్పటి ఇంటి నీలం" కావాలని ఇంట్లో పెద్దవాళ్లు అంటే వాళ్ల మనసులో ఉన్నది చాలావరకు ఆ ఛాయే. వాళ్లకు నెమలి నీలం చూపిస్తే నచ్చదు.

ఇక ఎల్‌ఆర్‌వీ. షేడ్ తన మీద పడిన వెలుతురులో ఎంత భాగాన్ని తిప్పి పంపుతుందో చెప్పే అంకె ఇది. సున్నా అంటే పూర్తి నలుపు, వంద అంటే పూర్తి తెలుపు. మామూలు తెల్ల పెయింట్లు ఎనభై దాటుతాయి, లేత నీలాలు అరవై చుట్టుపక్కల ఉంటాయి, నేవీ బ్లూ లాంటివి పదిలోపే. కంపెనీల పెద్ద షేడ్ పుస్తకాల్లోనో వెబ్‌సైట్లలోనో ఈ అంకె దొరికితే రెండింటికీ రాసుకోండి. రెండింటి మధ్య పది కంటే ఎక్కువ తేడా ఉంటే మీరు నిజానికి ఛాయను కాకుండా ముదురు, లేత తేడాను పోలుస్తున్నారు. అప్పుడు ముందు ఎంత ముదురు కావాలో తేల్చుకోండి. ఆ తర్వాత అదే ముదురులో ఆకుపచ్చ మొగ్గా, బూడిద మొగ్గా అన్నది చూడండి.

మూడో అడుగు: హైదరాబాద్ వెలుతురును లెక్కలోకి తీసుకోండి

చల్లని దేశాల వాళ్లు రాసిన చిట్కాలను యథాతథంగా ఇక్కడ వాడితే ఫలితం తారుమారవుతుంది. హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా ఇక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు. డిసెంబరులో దక్షిణానికి బాగా వాలి, మధ్యాహ్నం కూడా సుమారు 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. కాబట్టి దక్షిణం కిటికీలోంచి చలికాలంలో ఎండ గది లోపలిదాకా వస్తుంది, మే నెలలో అసలు రాదు. ఉత్తరం కిటికీకి మాత్రం వేసవిలో పొద్దున, సాయంత్రం కొంత ఎండ తగులుతుంది.

ఉత్తరం గదిలో ఏడాదిలో ఎక్కువ కాలం ఆకాశం వెలుతురే ఉంటుంది, ఎండ ఉండదు. ఆ వెలుతురులో నీలం పాలు ఎక్కువ. అక్కడ మబ్బు నీలం వేస్తే బూడిదే పైకి తేలి గది డీలా పడుతుంది. నెమలి నీలం అలాంటి గదిలోనూ ప్రాణంగా ఉంటుంది. తూర్పు గదిలో పొద్దున పది దాకా వెచ్చని వెలుతురు, ఆ తర్వాత రోజంతా మామూలు నీడ వెలుతురు. పొద్దున ఒక్కసారి చూసి ఆ గదికి రంగు ఖరారు చేస్తే మిగిలిన రోజంతా ఇంకో రంగుతో గడపాల్సి వస్తుంది.

పడమటి గది అన్నిటికన్నా కష్టం. మధ్యాహ్నం మూడు దాటాక పసుపు, నారింజ కలిసిన ఎండ నేరుగా గోడ మీద పడుతుంది. ఆ ఎండలో నెమలి నీలం బాగా ఆకుపచ్చగా మారుతుంది. మబ్బు నీలం శాంతంగా ఉంటుంది, కంటికి హాయినిస్తుంది. పైగా ఏప్రిల్, మే నెలల్లో పడమటి కిటికీకి కర్టెన్ వేసే ఉంచుతాం కదా. అప్పుడు గదిలోకి వచ్చే వెలుతురు రంగు కర్టెన్ బట్ట రంగే. మెరూన్ కర్టెన్ వెనకనుంచి ఎండ కొడితే గదంతా ఎర్రటి వెలుతురు నిండి ఏ నీలమైనా మసకబారుతుంది. పడమటి గదికి నీలం అనుకుంటే కర్టెన్లు తెల్లవో, లేత బూడిద రంగువో ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

అయితే మన నగరంలో దిక్కు కంటే ఎక్కువ ప్రభావం కిటికీ ఎదురుగా ఉన్నదానిది. అమీర్‌పేట్, దిల్‌సుఖ్‌నగర్, చిక్కడపల్లి గల్లీల్లో అపార్ట్‌మెంట్ల మధ్య ఖాళీ తక్కువ. పక్క బిల్డింగ్ గోడ పసుపు రంగుదై, దాని మీద ఎండ పడుతుంటే ఆ పసుపు మీ గదిలోకి వస్తుంది. ఉత్తరం గదే అయినా అది వెచ్చని గది అయిపోతుంది. ఎదురుగా వేపచెట్టో, బాదంచెట్టో ఉంటే ఆకుపచ్చ వెలుతురు వస్తుంది, నెమలి నీలాన్ని ఇంకాస్త ఆకుపచ్చగా చూపిస్తుంది. కిటికీ డక్ట్‌లోకి, అంటే బిల్డింగ్ మధ్యలో పైపుల కోసం వదిలిన ఇరుకు ఖాళీలోకి, తెరుచుకునే గదుల్లో పగలు కూడా లైట్ వేసుకోవాల్సిందే. అలాంటి గదికి దిక్కు లెక్క వదిలేయండి, లైట్ల లెక్క చూడండి.

దీనికి పూర్తి భిన్నంగా కొండాపూర్, నల్లగండ్ల వైపు ఎత్తైన టవర్లలో పై అంతస్తుల గదులు ఉంటాయి. ఎదురుగా అడ్డేమీ లేక ఆకాశమంతా గదిలోకి వస్తుంది. అక్కడ లేత నీలం వేస్తే మధ్యాహ్నం వెలుతురుకు పాలిపోయి తెలుపులా కనిపిస్తుంది. కింది అంతస్తులో ముదురు అనిపించే షేడ్ అక్కడ సరిగ్గా సరిపోతుంది. కిటికీకి గోధుమ రంగు అద్దం ఉందా, దోమల జాలీ ఉందా, బాల్కనీ ఎంత లోతు ఉందన్నవి కూడా చూసుకోండి. జాలీ, లోతైన బాల్కనీ వెలుతురును తగ్గిస్తాయి. రంగు అద్దమైతే తగ్గించడంతో పాటు వెలుతురు రంగునే మార్చేస్తుంది.

నాలుగో అడుగు: మార్చలేనివాటి పక్కన పెట్టి చూడండి

నేల, తలుపులు, వార్డ్‌రోబ్ లామినేట్, కిచెన్ గట్టు. ఇవి రంగు కోసం మార్చేవి కావు, కాబట్టి రంగే వీటికి సర్దుకోవాలి.

ఫ్రాన్స్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త మిషెల్ షెవ్రోల్ పారిస్‌లో బొమ్మల తెరలు నేసే గోబెలాన్ కార్ఖానాలో అద్దకాల విభాగం చూసేవాడు. నలుపు దారాలకు రంగు సరిగ్గా ఎక్కలేదని ఫిర్యాదులు వస్తే ఆయన పరీక్షించాడు. అద్దకంలో లోపం లేదు. పక్కనున్న రంగుల వల్లే ఆ నలుపు వెలిసినట్టు కనిపిస్తోందని తేలింది. ఒక రంగు తన పక్కనున్న రంగును, రంగుల చక్రంలో తనకు ఎదురుగా ఉండే రంగు వైపు నెడుతుంది. నీలానికి ఎదురు రంగు నారింజ వైపు ఉంటుంది. అందుకే టేకు తలుపు పక్కన నీలం గోడ వేయగానే టేకు మరింత ఎర్రగా, గోడ మరింత నీలంగా కనిపిస్తాయి. టేకు పూజామందిరం, టేకు తలుపులు, టేకు సోఫా ఉన్న హాలులో చిక్కటి నెమలి నీలం వేస్తే రెండూ పోటీ పడతాయి. అక్కడ బూడిద కలిసిన నీలం బాగా ఒదుగుతుంది, చెక్క అందం కూడా నిలబడుతుంది.

మన అపార్ట్‌మెంట్లలో చాలావాటికి క్రీమ్ రంగు విట్రిఫైడ్ టైల్స్ ఉంటాయి. వాటి పసుపు ఛాయ కిందినుంచి గోడకు తగిలి, గోడ అడుగు భాగంలో నీలాన్ని కాస్త ఆకుపచ్చ వైపు లాగుతుంది. తార్నాక, మారేడ్‌పల్లి వైపు పాత ఇళ్లలో కనిపించే తాండూరు బండల నేల అయితే, దానిలోని బూడిద ఛాయ నీలానికి మంచి జోడీ. అలాంటి నేల ఉన్న ఇంట్లో మబ్బు నీలం వేయాలనిపిస్తే వెలుతురు బాగా వచ్చే గదిలో వేయండి. వెలుతురు తక్కువ గదిలో నేలా గోడా రెండూ బూడిదగా కనిపిస్తాయి.

అయిదో అడుగు: శాంపిల్ బోర్డులు తయారు చేయండి

అన్ని అడుగుల్లోనూ వదలకూడనిది ఇదే. చీర కొనేటప్పుడు షాపు లైట్లను నమ్మకుండా గుమ్మం దాకా తీసుకెళ్లి పగటి వెలుతురులో చూస్తాం కదా, గోడ రంగుకు కూడా ఆ జాగ్రత్త కావాలి. అగ్గిపెట్టె అంత షేడ్ ముక్క చూసి నాలుగు గోడల రంగు తేల్చలేం. పెయింట్ నాలుగు గోడలకూ వేశాక ఒక గోడ వెలుతురు ఇంకో గోడ మీద పడి రంగు మరింత గాఢంగా కనిపిస్తుంది. ఫోన్‌లోని గది రంగులు మార్చే యాప్‌లు సరదాగా బాగుంటాయి, నిర్ణయానికి మాత్రం పనికిరావు.

గోడ మీదే శాంపిల్ కొట్టించడం మన పెయింటర్లకు అలవాటు. "ఇక్కడ ఒక పట్టీ, అక్కడ ఒక పట్టీ వేస్తా సార్, చూసుకోండి" అంటారు. దానిలో రెండు చిక్కులున్నాయి. చుట్టూ ఉన్న పాత రంగు మీ కంటిని తప్పుదారి పట్టిస్తుంది. పాత గోడ క్రీమ్ అయితే ఏ నీలమైనా అసలు కన్నా ఎక్కువ నీలంగా కనిపిస్తుంది. రెండోది, ఆ పట్టీ కదలదు. కిటికీ పక్క గోడ మీద, ఎదురు గోడ మీద, మూలలో ఒకే షేడ్ మూడు రకాలుగా ఉంటుంది, మీకు మూడూ చూడాలి.

కాబట్టి బోర్డులు చేయండి. ఇంట్లో ఫాల్స్ సీలింగ్ పని జరిగి ఉంటే మిగిలిన జిప్సమ్ బోర్డు ముక్కలు దీనికి బాగా పనికొస్తాయి. లేదంటే కార్పెంటర్ దగ్గర మిగిలిన ప్లైవుడ్, ఎండీఎఫ్ ముక్కలు. అదీ లేకపోతే మందపాటి డ్రాయింగ్ షీటు. ఒక్కోటి కనీసం రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉండాలి. ఒక్కో షేడ్‌కు రెండేసి బోర్డులు చేస్తే మూలలో ఎదురెదురుగా పెట్టి, గోడ మీద గోడ వెలుతురు పడితే ఎలా ఉంటుందో చూడొచ్చు.

ముందు తెల్ల ప్రైమర్ ఒక కోటు వేయండి. ఆరాక రోలర్‌తో పెయింట్ రెండు కోట్లు, కోటుకూ కోటుకూ మధ్య డబ్బా మీద రాసినంత సమయం ఇచ్చి వేయండి. బ్రష్‌తో వేస్తే గీతలు పడి రంగు వేరుగా కనిపిస్తుంది, గోడకు రోలర్ వాడబోతుంటే బోర్డుకూ రోలరే వాడాలి. అంచుల చుట్టూ రెండంగుళాలు తెల్లగా వదిలేయండి. ఆ తెల్ల అంచు పక్కనున్న పాత గోడ రంగు ప్రభావాన్ని కొంత తగ్గిస్తుంది. తడిగా ఉన్నప్పుడు చూసి మాత్రం తీర్పు ఇవ్వకండి. ఎమల్షన్ తడిలో కాస్త పాలిపోయినట్టుండి, ఆరాక ముదురుతుంది. రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు చూడండి.

శాంపిల్ డబ్బా ఏ కంపెనీది, ఏ రకం పెయింట్ అన్నది కూడా ముఖ్యం. గోడకు ఒక కంపెనీ ఎమల్షన్ వేయాలనుకుంటూ, ఇంకో కంపెనీ డబ్బాలో "అదే షేడ్" కలిపించి చూస్తే ఆ పరీక్ష చెల్లదు. కంపెనీలు మారితే బేస్, అంటే రంగులు కలపకముందు డబ్బాలో ఉండే పెయింట్, మారుతుంది, కలిపే రంగులు మారతాయి. ఒక లైట్ కింద అచ్చం ఒకేలా ఉన్న రెండు షేడ్‌లు ఇంకో లైట్ కింద విడిపోవచ్చు. చిన్న డబ్బా దొరకకపోతే లీటరు కొనండి. గదంతా మళ్లీ వేయించే ఖర్చుతో పోలిస్తే అది చాలా చిన్న మొత్తం.

ఆరో అడుగు: వేళలు మార్చి, చోటు మార్చి చూడండి

రెండు బోర్డుల్నీ ఒకేసారి కాకుండా ఒక్కోదాన్నీ విడిగా పెట్టండి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి అని పంచవద్దు. ఒక పూర్తి రోజు మబ్బు నీలం, మర్నాడు పూర్తి రోజు నెమలి నీలం. పక్కపక్కన పెడితే కన్ను తేడాను పెద్దది చేసి చూపిస్తుంది. గోడ మీదికి వచ్చేది ఒక్కటే కదా, దాన్ని ఒంటరిగానే చూడాలి.

బోర్డును గోడకు నిలువుగా ఆనించండి. నేల మీద పడుకోబెట్టి చూస్తే పైనుంచి వెలుతురు పడి లేతగా కనిపిస్తుంది. కిటికీ ఉన్న గోడకు ఒకసారి, ఎదురు గోడకు ఒకసారి, అన్నిటికన్నా చీకటిగా ఉండే మూలలో ఒకసారి. సోఫా వెనక, మంచం తలవైపు, టేకు తలుపు పక్కన కూడా. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం, సాయంత్రం అయిదింటికి, రాత్రి లైట్లు వేశాక చూసి, ప్రతిసారీ ఒక్క మాట రాసుకోండి: "చల్లగా ఉంది", "ఆకుపచ్చగా ఉంది", "బాగుంది". ఫోటో తీసి అమెరికాలో ఉన్న అక్కకు పంపి అభిప్రాయం అడగడం తప్పు కాదు గానీ, ఫోన్ కెమెరా తనంతట తాను రంగు సర్దేస్తుంది. ఆమె చూసేది మీ గోడ రంగు కాదు.

మొదటి అడుగులో రాసుకున్న కాగితం ఇప్పుడు తీయండి. మీరు గదిలో ఉండే వేళల్లో రాసిన మాటలకు రెట్టింపు విలువ ఇవ్వండి.

వానాకాలంలో చూస్తుంటే ఒక జాగ్రత్త. జూలైలో మబ్బు పట్టిన రోజు గదిలో వెలుతురు తక్కువ, కాస్త నీలంగా ఉంటుంది. ఆ వెలుతురులో దిగాలుగా అనిపించిన మబ్బు నీలం నవంబరు ఎండలో చక్కగా ఉండొచ్చు. కనీసం ఒక్క ఎండ పూట దొరికేదాకా ఆగండి. వెలుతురు మరీ తగ్గినప్పుడు కన్ను కూడా మారుతుంది. మసక చీకట్లో ఎరుపు, నారింజ రంగులు నల్లబడిపోతాయి, నీలం వాటికంటే వెలుగ్గా కనిపిస్తుంది. దీన్ని మొదట వివరించిన చెక్ శాస్త్రవేత్త పేరు మీద పుర్కిన్యే ప్రభావం అంటారు. లైట్లు వేయకముందు సంధ్యవేళ నీలం గోడ అంత అందంగా కనిపించడానికి కారణం అదే. ఆ పది నిమిషాల అందం చూసి రంగు ఖరారు చేయవద్దు.

రాత్రి లైట్లు

దీనికి వేరే శీర్షిక పెట్టడానికి కారణం ఉంది. హైదరాబాద్ ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 6500 కెల్విన్ తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్, పెట్టె మీద కూల్ డే లైట్ అని ఉంటుంది. ఈ కెల్విన్ అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు వైపు జరుగుతుంది. ఫాల్స్ సీలింగ్ అంచుల్లో దాచే లైట్లు మాత్రం తరచుగా 3000 కెల్విన్, అంటే పసుపు వెలుతురు. ఒకే గదిలో రెండూ ఉంటాయి, స్విచ్ మార్చగానే గోడ మారిపోతుంది.

తెల్ల ట్యూబ్ కింద నీలాలన్నీ పదునెక్కుతాయి, చల్లబడతాయి. లేత నెమలి నీలం ఇక్కడ కాస్త కఠినంగా కనిపిస్తుంది. పసుపు లైట్ కింద నీలం వాడిపోతుంది: మబ్బు నీలం దాదాపు బూడిద, నెమలి నీలం దాదాపు ఆకుపచ్చ. రెండు షేడ్‌లలో ఏదీ రాత్రి నచ్చకపోతే షేడ్ మార్చే ముందు బల్బు మార్చి చూడండి. 4000 కెల్విన్ లైట్ మధ్యస్థంగా ఉండి నీలానికి బాగా నప్పుతుంది. పెట్టె మీద సీఆర్ఐ అనే అంకె కూడా చూడండి. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె అది. తొంభై పైన ఉన్నది దొరికితే తీసుకోండి.

ఏడో అడుగు: నిగారింపు, ముదురుదనం, గోడ పరిస్థితి

మాట్ ఫినిష్‌లో నీలం మెత్తగా, లోతుగా ఉంటుంది. మెరుపు ఉన్న ఫినిష్‌లో కిటికీ, ట్యూబ్‌లైట్ ప్రతిబింబాలు పడి రంగు ఒక్కోచోట ఒక్కోలా కనిపిస్తుంది. పిల్లలు చేతులు పెట్టే గోడకు తుడవడానికి వీలైన కొద్దిపాటి మెరుపు మంచిదే. ఏదైనా సరే, రెండు బోర్డులూ ఒకే ఫినిష్‌లో ఉండాలి.

ముదురు నీలం అయితే కొన్ని విషయాలు ముందే తెలుసుకోండి. ముదురు షేడ్‌లను తెలుపు తక్కువ ఉన్న బేస్‌లో కలుపుతారు, అందుకే కింది రంగును కప్పడానికి మూడో కోటు కూడా అవసరం కావచ్చు. ముదురు మాట్ గోడకు చేయి రాసుకున్నా, కుర్చీ తగిలినా తెల్లటి గీత పడుతుంది. అక్కడక్కడ టచప్ చేస్తే అతుకు తెలిసిపోతుంది. లప్పం సరిగ్గా రుద్దని గోడలో ఎగుడుదిగుళ్లు మెరుపు ఫినిష్ కింద బాగా బయటపడతాయి. వీటికి సిద్ధమైతే ముదురు నీలం ఇచ్చే హుందాతనం ఇంకే రంగూ ఇవ్వదు, ముఖ్యంగా మంచం వెనక గోడకు.

గోడలో చెమ్మ ఉంటే రెండు నీలాల్లో ఏదీ వద్దు, ముందు చెమ్మ ఆపండి. బాత్రూమ్ వెనక గోడ, టెర్రస్ కింది గది పైభాగం చేత్తో తడిమి చూడండి. లోపలి తేమతో పైకి వచ్చే తెల్లటి ఉప్పు క్రీమ్ గోడ మీద అంతగా తెలియదు, నీలం మీద మాత్రం మరకలుగా కనిపిస్తుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం నాలుగు వారాలు ఆరనివ్వాలి. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడిందని ఈ గడువు తగ్గించుకోవద్దు. మరీ తొందరైతే అప్పటికి ప్రైమర్‌తో ఆపి, నీలం తర్వాత వేయించుకోండి.

ఎనిమిదో అడుగు: తేల్చండి

మీ కాగితంలో ఒక షేడ్‌కు ఎక్కువ వేళల్లో "బాగుంది" పడితే పని అయిపోయింది. రెండూ సమానమైతే బూడిద పాలు ఎక్కువున్నదాన్ని తీసుకోమంటాను, ఎందుకంటే నాలుగు గోడల మీదికి వెళ్లాక ప్రతి నీలమూ బోర్డు మీద కన్నా గాఢంగా కనిపిస్తుంది. వెలుతురు తక్కువున్న ఉత్తరం గది, డక్ట్ గది మాత్రం దీనికి మినహాయింపు. అక్కడ నెమలి నీలమే. రెండూ కాస్త ఎక్కువే అనిపిస్తే అదే వరుసలో ఒక మెట్టు లేత షేడ్‌తో ఇంకో బోర్డు చేయండి.

ఇంట్లో ఇద్దరికీ రెండు నచ్చాయని ఒక గోడకు ఇది, ఎదురు గోడకు అది వేయించడం చూస్తుంటాం. ఛాయలు వేరైన రెండు నీలాలు ఒక గదిలో ఉంటే ఒకటి ఎప్పుడూ మురికిగా కనిపిస్తుంది. రెండు గదుల్లో పంచుకోండి.

సీలింగ్ తెలుపును కూడా బోర్డు పక్కన పెట్టి చూడండి. పసుపు ఛాయ ఉన్న తెలుపు నీలం పక్కన పాతబడినట్టు కనిపిస్తుంది. నీలం గోడలకు స్వచ్ఛమైన తెలుపే బాగుంటుంది.

తొమ్మిదో అడుగు: కొనడం, వేయించడం

ఎంత కావాలో లెక్క వేసుకోండి. పొడవు, వెడల్పు కలిపి, రెండుతో గుణించి, మళ్లీ గోడ ఎత్తుతో గుణించాలి. 12 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదికి 460 చదరపు అడుగులు. మూడడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తు ఉన్న తలుపు, అయిదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు ఉన్న కిటికీ తీసేస్తే సుమారు 420. లీటరుకు రెండు కోట్లలో ఎన్ని చదరపు అడుగులు వస్తుందో డబ్బా మీద ఉంటుంది, దానితో భాగించి కొంచెం ఎక్కువే తీసుకోండి.

రాణిగంజ్ హోల్‌సేల్ దుకాణంలో కొన్నా, కాలనీ షాపులో కొన్నా గదికి కావలసినదంతా ఒకేసారి, ఒకే మెషిన్‌లో కలిపించండి. బిల్లు మీద కంపెనీ, పెయింట్ రకం, ఫినిష్, షేడ్ కోడ్ నాలుగూ రాయించుకోండి. డబ్బా మూత తెరిపించి, వేలితో చుక్క తీసి మీ బోర్డు మీద రాసి, ఆరాక కలిసిందో లేదో చూడండి. ఒకసారి కలిపాక వెనక్కి తీసుకోరు, అందుకే ఈ పరీక్ష గోడ మొదలుపెట్టకముందే కావాలి. రెండు మూడు డబ్బాలు ఉంటే పెయింటర్‌తో పెద్ద బకెట్‌లో అన్నీ కలిపించండి. డబ్బాకూ డబ్బాకూ ఉండే సన్నని తేడా గోడ మధ్యలో బయటపడకుండా ఉంటుంది.

తెల్ల ఎమల్షన్‌లో తాను నీలం స్టెయినర్ (చేత్తో కలిపే గాఢమైన రంగు) కలిపి అదే షేడ్ తెస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. చేయి ఎంత తిరిగిన మనిషైనా రెండోసారి అదే రంగు తేలేడు, సగం గోడ మిగిలిపోతే ఇక అంతే. నీళ్లు కూడా డబ్బా మీద రాసినంతే కలపమని ముందే చెప్పండి. ఎక్కువ పలుచన చేస్తే గోడ మీద నీలం మచ్చలు మచ్చలుగా ఉంటుంది.

మొదటి కోటు ఆరాక గోడ చూసి కంగారు పడకండి. ఒక్క కోటులో ఏ నీలమూ సమంగా ఉండదు, ముదురువి మరీను. రెండో కోటు ఆరిన మర్నాడు మీ బోర్డును గోడకు ఆనించి చూడండి. కలవకపోతే పెయింటర్ వెళ్లకముందే బిల్లు మీది కోడ్, డబ్బా మీది కోడ్ సరిచూడండి. మిగిలిన పెయింట్‌ను ఖాళీ లేకుండా నిండేంత చిన్న డబ్బాలోకి మార్చి, మూత గట్టిగా బిగించి, కోడ్, గది పేరు, తేదీ రాసి ఎండ తగలని చోట పెట్టండి. టీవీ యూనిట్ బిగించేవాళ్లు గోడకు వేసే గీతలకు అది అవసరం పడుతుంది.